జబ్బు ఇంజనుకా, ఇంధనమునకా?

మిరప తోటలకు మందు కొట్టు దినములలో, తెల్లవారుజామున వీపున తగిలించుకొనిన పవర్ స్ప్రేయరు మొరాయించినచో రైతు పడు ఆందోళన ఇంతింత కాదు. గాలి తక్కువగా నుండు ఆ ఉదయపు వేళ దాటిపోయినచో ఆ దినము పోయినట్లే. 2021వ సంవత్సరమున ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల మిరప తోటలపై నల్ల తామర పురుగు విరుచుకు పడినప్పుడు, ఒక్క దినము విలువ యెంతయో మన రైతులకు తెలిసివచ్చినది. యంత్రమును మోసి కూలి సంపాదించుకొను వానికైతే ఇంజను ఆగుట యనగా ఆనాటి కూలి ఆగుటయే.

అట్టి కూలివాని యంత్రము నొకదానిని మేము చూచితిమి. అది చేనిలో మాటిమాటికి ఆగిపోవుచున్నదని మరమ్మతు దుకాణమునకు తీసికొని పోగా, మొదట ప్లగ్గు మార్చిరి. పిమ్మట కాయిలు మార్చిరి. ఆపైన సిలిండరు విప్పి రింగులు మార్చిరి. ప్రతి పర్యాయమును దుకాణము వద్ద ఇంజను చక్కగా నడచెడిది. మరునాడు చేనిలో మరల ఆగెడిది. దుకాణములో పోసిన పెట్రోలు వేరు, ఇంటి చూరు క్రింద నున్న డబ్బాలోని పెట్రోలు వేరు అను సంగతి ఎవరికిని తట్టలేదు. తుదకు ఆ డబ్బాలోని దానిని గాజు సీసాలో పోసి చూడగా, అడుగున రెండు వ్రేళ్ల మందమున మరియొక ద్రవము నిలిచినది. మూత వదులైన డబ్బాలోనికి వాన చినుకులు దిగినవి. జబ్బు ఇంధనమునకు, చికిత్స ఇంజనుకు. నెల రోజుల కూలి అందులో కలిసిపోయినది.

ఈ పొరపాటు జరుగకుండుటకు రెండు స్ట్రోకుల ఇంజను స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. నాలుగు స్ట్రోకుల ఇంజనులో కందెన నూనె అడుగున వేరుగా నుండును. రెండు స్ట్రోకుల చిన్న ఇంజనులో అట్టి ఏర్పాటు లేదు. మనము పెట్రోలులో కలిపిన ఆయిలే క్రాంకు గదిలో ప్రవేశించి, బేరింగులను, పిస్టనును తడుపుచు, పెట్రోలుతో పాటు పైకి పోయి కాలిపోవును. లీటరు పెట్రోలునకు 40 మిల్లీలీటర్ల ఆయిలు కలిపినచో అది 25కు 1 పాలు. 20 మిల్లీలీటర్లు కలిపినచో 50కి 1 పాలు. ఏ యంత్రమునకు ఏ పాలు తగునో దాని వెంట వచ్చిన పుస్తకములో ఉండును. అనగా ఈ ఇంజనుకు తిండియు, తైలమును ఒకే గొట్టమున వచ్చుచున్నవి. అందువలన చెడిన ఇంధనము దీనిని ఆపుటతో ఊరకొనదు. ఒక్కొక్కప్పుడు పిస్టనునే పట్టివేయును.

ఇందు నీటి సంగతి ముఖ్యముగా గమనింపదగినది. 2022వ సంవత్సరము జూను నాటికి మన దేశపు పెట్రోలులో ఇథనాలు పాలు నూటికి పదికి చేరినది. నూటికి ఇరువది పాళ్ల పెట్రోలు 2023 ఫిబ్రవరిలో అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి సర్వసామాన్యమైనది. ఇది కల్తీ కాదు. కాని ఇథనాలునకు నీటిని తనలో కలుపుకొను గుణము కలదు. కొద్దిపాటి నీరు చేరినను పెట్రోలు తేటగానే కనిపించును. ఆ నీరు ఒక హద్దు దాటినచో ఇథనాలు పెట్రోలును విడిచి, నీటితో కలిసి అడుగునకు దిగిపోవును. రాత్రి చల్లదనమునకు ఆ హద్దు తగ్గును గనుక, సాయంకాలము బాగుగా నున్న పెట్రోలు తెల్లవారుసరికి రెండు పొరలుగా విడిపోవచ్చును. ఆయిలు పై పొరలోని పెట్రోలుతోనే ఉండిపోవును. ఇంజను పీల్చుకొను గొట్టమో, టాంకు అడుగున నుండును. కావున ఇంజనుకు మొదట అందునది ఆయిలు లేని ఆ క్రింది పొరయే. దానితో నడచినంత సేపును లోపల పిస్టను ఎండిపోవుచుండును.

ఇక గుర్తులు. ఇంజను అంటుకొని, నిమిషము నడచి, తడబడి ఆగిపోవుచున్నచో నీటిని అనుమానింపవలెను. ప్లగ్గు విప్పి చూచినప్పుడు దాని కొనమీద ఆరిపోని బిందువులు కనిపించినచో ఆ అనుమానము బలపడును. నెమ్మదిగా నడచుచు, వేగము పెంచగనే ఆగిపోవుచు, చోకు కొంచెము మూసినచో తట్టుకొని నడచుచున్నచో, ఫిల్టరునందో కార్బురేటరు జెట్టునందో మడ్డి అడ్డుపడినదని తలపవచ్చును. గత పంట నాటి పెట్రోలును టాంకులో వదలివేసిన యంత్రములకు ఇది తరచుగా వచ్చును. అట్టి పెట్రోలు వార్నీషు వాసన కొట్టును. చల్లని ఇంజను అంటుకొనుటకు మొరాయించి, పిమ్మట దట్టమైన పొగ విడుచుచు, ప్లగ్గు నల్లగా జిడ్డు కట్టినచో కిరసనాయిలో, డీసెలో కలిసి ఉండవచ్చును. కాని ఆయిలు మోతాదు మించినను ఇదే పొగ వచ్చును గనుక, ముందు మనము కలిపిన కొలతను గుర్తుకు తెచ్చుకొనవలెను. ఆయిలు కలుపుట మరచినప్పుడు మాత్రము ముందుగా గుర్తేమియు కనిపింపకపోవచ్చును. శబ్దము మారి, బలము తగ్గి ఇంజను ఆగును. త్రాడు లాగినను కదలుట కష్టమగును. అప్పుడు బలవంతముగా లాగరాదు.

గుర్తులు అనుమానమును మాత్రమే ఇచ్చును. నిశ్చయమునకు పరీక్ష కావలెను. ఇంజనును పూర్తిగా చల్లారనిచ్చి, ఆరుబయట, బీడీ, పొయ్యి, పిల్లలు దగ్గర లేకుండ చూచుకొని, టాంకు అడుగునుండి కొంత ఇంధనమును శుభ్రమైన తెల్ల గాజు సీసాలోనికి తీయవలెను. డబ్బా అడుగునుండి కూడ వేరొక సీసాలోనికి తీయవలెను. రెండింటిని కదల్చక పావుగంట ఉంచి వెలుతురునకు పట్టి చూడవలెను. మంచి ఇంధనము ఆయిలు రంగుతో పైనుండి క్రిందివరకు ఒకే తీరుగా నుండును. అడుగున రంగు తక్కువైన పొర ఉన్నచో అది నీరు, లేదా ఇథనాలుతో కలిసిన నీరు. నలుసులు దిగినచో మట్టి, త్రుప్పు. మసకబారినచో నీరు హద్దునకు చేరినదని అనుమానింపవలెను.

కిరసనాయిలు వంటి బరువు నూనెల అనుమానమునకు ఫిల్టరు కాగితము పనికివచ్చును. పెట్రోలు బంకులో ఈ కాగితము నడుగు హక్కు కొనువానికి కలదు. దానిపై వేసిన చుక్క ఇంచుమించు రెండు నిమిషములలో మచ్చ లేకుండ ఆరిపోవలెను. అయితే ఆయిలు కలిపిన పెట్రోలును ఈ విధముగా పరీక్షింపరాదు; అది మంచిదైనను మచ్చ నిలుచును. నీటి సంగతి ఈ కాగితము చెప్పదు. దానికి సీసాయే సాక్షి.

తుది పరీక్ష అన్నిటికంటె సులభము. టాంకును, కార్బురేటరు గిన్నె ఉన్నచో దానిని కూడ ఖాళీ చేసి, ఫిల్టరును శుభ్రపరచి, కొత్తగా కొనిన పెట్రోలులో సరియైన పాలు ఆయిలు కలిపి కొంచెము పోసి నడపవలెను. ఇంజను నిలకడగా నడచినచో దోషము పాత డబ్బాది. అప్పటికిని నడవకపోయినచో ప్లగ్గు రవ్వను, సిలిండరు బిగువును చూచుకొనవలెను. ఈ వరుస తప్పనిచో వ్యర్థపు ఖర్చు చాల తప్పును.

పొరలుగా విడిన పెట్రోలును కుదిపి కలిపి వాడవచ్చునని కొందరందురు. అది సరికాదు. కుదిపినంత మాత్రమున పూర్వపు మిశ్రమము తిరిగి రాదు. గుడ్డతో వడగట్టినను అందు కరగిన నీరు పోదు. అట్టి దానిని కాలువలోను, బావి దగ్గరను పారబోయరాదు. విడిగా మూతపెట్టి ఉంచి, పాత ఆయిలు తీసికొను మరమ్మతు దుకాణము వారి కప్పగించుట మేలు.

జాగ్రత్తలు కొద్దివే. నీళ్లు త్రాగిన సీసాలో ఇంధనము పోయరాదు. పురుగుమందు కొలిచిన మూతతో ఆయిలు కొలువరాదు. పెట్రోలు, ఆయిలు రెండు మూడు వారములకు చాలినంతయే కలుపుకొని, డబ్బాపై తేదీ వ్రాసికొనవలెను. మూత బిగించి నీడలో ఉంచవలెను. పంట ముగిసిన పిమ్మట టాంకు ఖాళీ చేసి, గొట్టములో మిగిలినది కాలిపోవువరకు ఇంజనును నడిపి ఆపవలెను.

మేము పైన చెప్పిన కూలివాడు ఇప్పుడు తన డబ్బా ప్రక్కన ఒక గాజు సీసా నుంచుకొనుచున్నాడు. ప్రతి ఉదయము అందు కొంత పోసి, వెలుతురునకు పట్టి చూచిన పిమ్మటనే టాంకు నింపుకొనుచున్నాడు. ఖర్చు లేని పని. పావుగంట ఓపిక చాలును. యంత్రమును విప్పుటకు పూర్వము డబ్బాను చూడవలెనను ఈ ఒక్క మాట మన రైతులును, మెకానిక్కులును గుర్తుంచుకొన్నచో, ఎన్నియో ఉదయములు వృథా కాకుండును.