తడిసినా తల దించుకోనక్కర్లేదు

(యువజనులు, ఉద్యోగస్తుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము మాట్లాడబోయే విషయాన్ని సభల్లో ఎవరూ ఎత్తరు. మూత్రం ఆపుకోలేని ఇబ్బంది గురించీ, ఆ ఇబ్బందితోనే రోజూ పనికి వెళ్లి పదిమందిలో గౌరవంగా పని చేసుకోవడం గురించీ మాట్లాడతాం. కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి, పర్వాలేదు. కానీ నవ్వితే ఎక్కడ కారుతుందోనని నవ్వడమే మానేసిన వాళ్లు కూడా ఈ హాలులో మన పక్కనే కూర్చుని ఉండవచ్చు. ఈ మాటలు ముందుగా వాళ్ల కోసం.

ఇది ముసలివాళ్ల జబ్బు అనుకుంటాం. అది నిజం కాదు. కాన్పు అయిన పాతికేళ్ల అమ్మాయికి రావచ్చు. షుగరు ఉన్న నలభై ఏళ్ల డ్రైవరుకి రావచ్చు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన అయ్యగారికి రావచ్చు. వెన్నుపూసకు దెబ్బ తగిలిన కుర్రవాడికి రావచ్చు. ఇది పాపానికి ఫలితం కాదు, బద్ధకమూ కాదు, శుభ్రత తెలియకపోవడం అసలే కాదు. కండరమో, నరమో, గ్రంథో తన పని సరిగ్గా చేయకపోవడం, అంతే.

ముందు రకాలు తెలుసుకుందాం, ఎందుకంటే రకాన్ని బట్టే ఉపాయం. దగ్గినా, తుమ్మినా, బరువు ఎత్తినా కొంచెం కారడం ఒక రకం. కాన్పుల వల్ల, మెనోపాజ్ వల్ల, ఏళ్ల తరబడి బరువులు మోయడం వల్ల మూత్రాశయాన్ని కింద నుంచి పట్టి ఉంచే కండరాలు వదులైనప్పుడు ఇది వస్తుంది. ఉన్నట్టుండి ఆగలేనంత తొందర పుట్టి, టాయిలెట్ తలుపు చేరేలోగా అయిపోవడం రెండో రకం. ఇందులో మూత్రాశయం నిండకముందే బిగుసుకుంటుంది. మూడో రకంలో మూత్రం పూర్తిగా బయటకు పోక, సంచి నిండి పొర్లినట్టు చుక్కలు చుక్కలుగా కారుతుంది. ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్లలో, షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లలో ఇది కనిపిస్తుంది. చాలామందికి మొదటి రెండూ కలిసి ఉంటాయి. ఇవి కాక, కష్టమైన కాన్పు తర్వాత రాత్రీపగలూ ఆగకుండా కారుతూ ఉంటే, మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి ఉండవచ్చు. దాన్ని ఆపరేషన్‌తో మూయవచ్చు. అలాంటి ఆడబిడ్డను ఇంట్లో ఒక మూల కూర్చోబెట్టకండి, పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇప్పుడు మన ఊళ్ల వైపు చూద్దాం. బెంగళూరు గార్మెంట్స్‌లో మిషను మీద కూర్చున్న చెల్లికి గంటకు ఇన్ని పీసులని టార్గెట్. లేచి టాయిలెట్‌కి వెళ్తే ఆ లెక్క తగ్గుతుంది. షోలాపూరులో బీడీలు చుట్టే అక్క పొద్దుట కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. చెన్నై బట్టల షాపులో నిలబడే అమ్మాయి, బరంపురంలో వరసగా క్లాసులు చెప్పే టీచరమ్మ, రాత్రి డ్యూటీ నర్సు, లారీ డ్రైవరు, కాల్ సెంటరులో హెడ్‌ఫోన్ పెట్టుకున్న తమ్ముడు, వీళ్లందరూ చేసే పని ఒకటే. నీళ్లు తాగడం మానేస్తారు.

నీళ్లు మానేస్తే ఇబ్బంది తగ్గదు, పెరుగుతుంది. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, వాసన పెరుగుతుంది, ఇన్ఫెక్షను పట్టుకుంటుంది, మలబద్ధకం వస్తుంది. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది కాబట్టి కారడం మళ్లీ ఎక్కువవుతుంది. నీళ్లు మానకండి. కొంచెం కొంచెంగా రోజంతా తాగండి, ఒకేసారి చెంబెడు దించకండి. తగ్గించాల్సింది టీ, కాఫీ, కూల్ డ్రింకులు. వాటిలోని కెఫీన్ మూత్రాశయాన్ని తొందరపెడుతుంది.

రెండో పని, డాక్టరు దగ్గరకు వెళ్లడం. వెళ్లేముందు మూడు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్ని గంటలకు ఏం తాగారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎప్పుడు కారింది, అప్పుడు ఏం చేస్తున్నారు. నోటితో చెప్పడానికి సిగ్గయితే ఆ కాగితం ఇస్తే చాలు, సగం మాట అదే చెబుతుంది. వాడుతున్న మందుల చీటీలు కూడా చూపించండి. కొన్ని బీపీ మాత్రలు మూత్రాన్ని పెంచుతాయి, కొన్ని పొడి దగ్గు తెప్పిస్తాయి, దగ్గితే కారుతుంది. అలాగని మీ అంతట మీరు మాత్ర ఆపకండి. వేళ మార్చవచ్చా, మందు మార్చవచ్చా అని అడగండి. మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా బిగుసుకుపోయినా, నడుం నొప్పితో పాటు కాళ్లు బలహీనపడి తొడల మధ్య స్పర్శ పోయినా అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి.

మూడోది వ్యాయామం. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా గైనకాలజిస్టు దీన్ని ప్రచురించారు. పైసా ఖర్చు లేదు, కుర్చీలో కూర్చుని చేసినా ఎవరికీ తెలియదు. గ్యాసు పోకుండా, మూత్రం పోకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరాలు బిగిస్తామో వాటిని లోపలికి, పైకి బిగించాలి. అయిదు లెక్కపెట్టేదాకా పట్టి, అంతసేపూ వదలాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. మెల్లగా పది లెక్కదాకా పెంచాలి. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట, తొడలు బిగించకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ఆపి అలవాటు చేయకూడదు. వారంలో ఫలితం రాదు, మూడు నెలలు ఓపిక పట్టాలి. దగ్గు వస్తోందనిపించగానే, బరువు ఎత్తబోయే ముందే ఒకసారి బిగిస్తే ఆ క్షణం గట్టెక్కుతుంది. మగవాళ్లకు కూడా, ముఖ్యంగా ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత, ఈ వ్యాయామమే చెబుతారు. సరిగ్గా పట్టుబడకపోతే ఫిజియోథెరపిస్టు నేర్పుతారు.

తొందర పుట్టే రకం వాళ్లకు ఇంకో ఉపాయం ఉంది. తొందర రాగానే పరుగెత్తకండి. ఆగండి, వీలైతే కూర్చోండి. గబగబా అయిదారు సార్లు బిగించి వదలండి, ఉధృతి కొంచెం తగ్గాక నిదానంగా నడవండి. అలాగే గంటకోసారి వెళ్లే అలవాటుంటే, దాన్ని గంటంబావుకు, కొన్నాళ్లకు గంటన్నరకు జరపండి. మూత్రాశయం కూడా పసిపిల్లలాంటిదే, నేర్పితే నేర్చుకుంటుంది.

ఇక ఆఫీసు సంగతి. ప్యాడ్ల గురించి మొహమాటం లేకుండా చెబుతాం. నెలసరి ప్యాడ్ దీనికి సరిపోదు. అది మెల్లగా వచ్చే రక్తానికి చేసింది, మూత్రం ఒక్కసారిగా వస్తుంది. మూత్రం కోసమే చేసిన ప్యాడ్లు, మగవాళ్ల ఆకారానికి తగినవి కూడా, మందుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. కారడం ఎక్కువైతే లోదుస్తులా తొడుక్కునే ప్యాంటు రకం డైపరు ఉంది. నడుం కొలత చూసి కొనండి. పెద్దది కొంటే పక్కల నుంచి కారుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు పెట్టుకుంటే లాభం లేదు, పైదాని వెనకుండే ప్లాస్టిక్ తడిని కిందికి పోనివ్వదు. కొత్తది ఏదైనా ముందు సెలవు రోజున ఇంట్లో వాడి చూడండి, అప్పుడు ధైర్యంగా ఆఫీసుకు వెళ్తారు.

బ్యాగులో ఒక చిన్న సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. అందులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, మడిచిన ప్యాంటో లంగానో, మెత్తని గుడ్డ, జిప్ కవరు, పాత న్యూస్‌పేపరు ఉంటే చాలు. ముదురు రంగులు, పువ్వుల డిజైన్లు, పొడవు కుర్తాలు తడిని దాస్తాయి. మీటింగులో తలుపు దగ్గరి కుర్చీ ఎంచుకోండి. మీటింగుకు పది నిమిషాల ముందు ఒకసారి వెళ్లి రండి. వాసన వస్తుందని అందరికన్నా ఎక్కువ భయపడతాం. కొత్తగా వచ్చిన మూత్రానికి అంత వాసన ఉండదు, నిలవ ఉంటేనే వస్తుంది. కాబట్టి తడిసిన వెంటనే మార్చుకోవడమే మందు. సెంటు కొడితే రెండూ కలిసి అందరూ తిరిగి చూస్తారు. మార్చిన ప్రతిసారీ నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, ఒరుసుకునే చోట జింక్ ఆక్సైడ్ క్రీము పలుచగా రాస్తే చర్మం పగలదు.

ఆఫీసులో ఎవరికి చెప్పాలి? అందరికీ చెప్పనక్కర్లేదు. పై అధికారికి జబ్బు పేరు కూడా చెప్పనక్కర్లేదు. “వైద్య కారణాల వల్ల మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తుంది సార్, పనికి ఆటంకం రానివ్వను” అంటే చాలు. తరచుగా టాయిలెట్ అవసరమని డాక్టరు ఒక్క వాక్యం రాసిస్తే ఇంకా మంచిది. నమ్మకమైన తోటి ఉద్యోగి ఒక్కరికి చెప్పుకుంటే, అవసరానికి చున్నీ అందిస్తారు, రెండు నిమిషాలు మీ సీటు చూసుకుంటారు.

అయితే భారమంతా ఆ ఒక్క మనిషి బ్యాగులోనే ఎందుకు ఉండాలి? ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరుగా, పని జరుగుతున్నంతసేపూ అందుబాటులో, శుభ్రంగా మరుగుదొడ్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షనులోనే రాశారు. కెగెల్ వ్యాయామమూ ఈ చట్టమూ ఒకే ఏడాదివి. కోళికోడ్ మిఠాయి తెరువు షాపుల్లో పని చేసే ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండేది కాదు. పి. విజి అనే టైలరు వాళ్లను పెణ్‌కూట్టు పేరుతో కూడగట్టింది. మరుగుదొడ్డి అడగడంతో మొదలై, కూర్చునే హక్కు దాకా పోరాడారు. 2018లో కేరళ చట్టం మార్చింది. 2021లో తమిళనాడు కూడా షాపుల్లో పనిచేసేవాళ్లకు కుర్చీ ఇవ్వాలని చట్టం చేసింది. సిగ్గుపడి ఊరుకుని ఉంటే ఆ చట్టాలు వచ్చేవి కావు. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్ లాంటి నరాల జబ్బులతో ఈ బాధ పడేవాళ్లకు 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా అండగా ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినంత మాత్రాన ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తీసేయకూడదనీ, హోదా తగ్గించకూడదనీ ఆ చట్టం చెబుతోంది.

ఇంకొక మనిషిని కూడా మరవకూడదు. మనం గుట్టుగా పారేసిన డైపరును ఎవరో ఒకరు చేత్తో ఎత్తుతారు. బెంగళూరు, చెన్నై వీధులు ఊడ్చేవాళ్లలో ఎంతోమంది మన భాష మాట్లాడేవాళ్లే, మన బంధువులే. వాడిన డైపర్లను విడిగా చుట్టి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. న్యూస్‌పేపరులో చుట్టి, పైన ఎర్ర గుర్తు పెట్టండి. తడిచెత్తలో కలపకండి, టాయిలెట్‌లో వేసి నీళ్లు పోయకండి. మన గౌరవం కాపాడుకోవడానికి ఇంకొకరి గౌరవాన్ని మురికి చేయకూడదు. తెల్లవారకముందే చీపురు పట్టే ఆ అక్కకు వీధిలో వెళ్లడానికి మరుగుదొడ్డి ఎక్కడుందో ఎప్పుడైనా అడిగామా? ఆమె కూడా నీళ్లు తాగకుండానే పనికి వస్తుంది. మన ఇంటి బాత్రూము తలుపు ఆమెకు తీస్తామా?

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టి, గుంపులో వెనక నుంచి వచ్చి ప్రభువు వస్త్రాన్ని ముట్టిన స్త్రీ కథ మనందరికీ తెలుసు. ఆమె వెనక నుంచి ఎందుకు వచ్చిందో ఈ బాధ ఉన్నవాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. ప్రభువు ఆమెను కసురుకోలేదు, కుమార్తె అని పిలిచాడు. మన సంఘాల్లో ఆ పిలుపు ఎలా వినిపించాలి? ఆరాధన మధ్యలో లేచి వెళ్లేవాళ్లను తిరిగి చూడకపోవడం, చివరి వరసలో తలుపు పక్క కుర్చీలు వాళ్లకు వదలడం, గుడి మరుగుదొడ్డికి గడియ, నీళ్లు, మూత ఉన్న డబ్బా ఉండేలా చూడడం, ప్యాడ్లు కొనలేని కుటుంబానికి పేరు బయటపెట్టకుండా అందించడం. ఇవన్నీ వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు.

యువతీ యువకులారా, రేపు మీలో కొందరు సూపర్‌వైజర్లు అవుతారు, హెడ్‌మాస్టర్లు అవుతారు, షాపు యజమానులు అవుతారు. మీ దగ్గర పని చేసే మనిషి లేచి బయటకు వెళ్తే గడియారం చూడకండి. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక అమ్మనో, నాన్ననో, అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరూ లేనప్పుడు మెల్లగా అడగండి. ఏళ్ల తరబడి దాచుకున్న మాట బయటికి రావచ్చు. వస్తే ఆశ్చర్యపోకండి, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి.