నాన్నగారి ఫిడేలు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "చీఫ్‌గారూ, ఈసారి ఓడల కబుర్లు వద్దు, మీ ఫిడేలు సంగతి చెప్పండి" అన్నారు. ముందే మనవి చేస్తున్నాను, నాకు ఫిడేలు వాయించడం రాదు. నేను నేవీలో షిప్‌రైట్‌ని, చెక్కపని వచ్చు. వచ్చునన్న ధీమాతోనే ఒక తప్పు చేశాను. ఆ తప్పు గురించే ఈ నాలుగు మాటలు.

మా నాన్నగారు విజయనగరం దగ్గర పల్లెలో బడిపంతులు. సాయంత్రాలు హరికథలకు ఫిడేలు వాయించేవారు. విజయనగరంలో 1919లో మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ సోకింది. అన్నట్టు, ద్వారంవారు 1893లో బెంగుళూరులో పుట్టారు. వారి తండ్రిగారు సైన్యంలో పనిచేసినవారే. ఆ లెక్కన మన బలగంలో మనిషే!

నాన్నగారు 1998లో పోయారు. 2003లో నేను రిటైరై ఇంటికొచ్చాక అటక మీది పెట్టె దించాను. తీగల కింద, కమానుకు రాసే రోజిన్ పొడి సున్నంలా గట్టిపడి ఉంది. మెడ పక్కన, అరచెయ్యి ఆనేచోట వార్నిషు పోయి చెక్క నల్లబడింది. మన పద్ధతిలో కింద కూర్చుని కుడిపాదం మీద ఆనిస్తారు గదా, ఆ చివరి చుట్ట కూడా అరిగిపోయింది. వెనకవైపు సన్నని గీతలు. లోపల చీటీ మీద స్ట్రాడివేరియస్ పేరు చూసి గుండె ఝల్లుమంది! కిందనే చిన్న అక్షరాల్లో 'మేడ్ ఇన్ జర్మనీ' అని ఉంది. 1891 నుంచి అమెరికావాళ్ళు దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్నారు. అప్పటినుంచి ఇలా అచ్చువేసిన ఫిడేళ్ళు శాక్సనీ ప్రాంతం నుంచి వేలకువేలు వచ్చాయి. మీ ఇళ్ళల్లో కూడా ఉండొచ్చు, ఆశపడకండి.

నేవీలో చెక్క పడవకు వార్నిషు పాతబడితే ఏం చేస్తాం? మొత్తం గీకేసి, ఉప్పు కాగితం పట్టి, కొత్తగా ఐదారు పూతలు వేస్తాం. ఫిడేలు వెనకవైపు అదే చేశాను. బజారులో దొరికే పాలియురెతేన్ పూశాను. రెండు రోజుల్లో అద్దంలా తయారైంది, కమాండింగ్ ఆఫీసర్ ఇన్‌స్పెక్షన్‌కు పెట్టొచ్చు. తీగలు కట్టించడానికి విజయనగరంలో ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన వెనక పలక మీద వేలితో తట్టి చూసి, "ముందువైపు కూడా గీకేశావా బాబూ?" అని అడిగాడు. రేపు మొదలుపెడదామనుకుంటున్నానన్నాను.

"బతికించావు. ఇది పడవ కాదు బాబూ, నీళ్ళలో దించరు."

అసలు సంగతి అక్కడుంది. పడవకు వార్నిషు నీళ్ళు చొరకుండా అడ్డుగోడ. మందంగా ఉంటేనే మంచిది. ఫిడేలుకు పూత వెంట్రుక మందం ఉంటే ఎక్కువ. చెక్కను చెమట నుంచి కాపాడాలి గాని, దాని కంపనాన్ని పట్టి ఆపకూడదు. అందులో మంత్రమేమీ లేదు. 2009లో స్ట్రాడివారి చేసిన 5 వాద్యాల పూతను యూరప్ శాస్త్రవేత్తలు పరీక్షించి ఫలితాలు వెల్లడించారు. చెక్కలోకి కొంచెం ఇంకిన నూనె పొర, దానిపైన నూనె, పైన్ చెట్టు బంక కలిపిన పొర, కొన్నిటిలో కాస్త ఎర్రరంగు. అంతే.

ఆ పెద్దాయన దగ్గర ఆదివారాలు కూర్చుని ముందువైపు పని చేశాను. మొదట పొడి గుడ్డ, మెత్తటి బ్రష్. దానికి లొంగని మురికికి దూది పుల్ల మీద కొంచెం ఉమ్మి తడి. నవ్వకండి, పెద్ద మ్యూజియాల్లో కూడా చేస్తారు. బూట్లకు స్పిట్ అండ్ పాలిష్ పట్టిన చేతులు మనవి, మనకేం కొత్త? స్పిరిట్ మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఆ కాలపు చవక ఫిడేళ్ళకు చాలావాటికి లక్కలాంటి బంకలు స్పిరిట్‌లో కరిగించి పూసేవారు. స్పిరిట్ తగిలితే మళ్ళీ కరిగి గుడ్డకు వచ్చేస్తుంది. 2020లో కోవిడ్ వచ్చాక శానిటైజర్ తడి ఆరని చేతులతో వాద్యం ముట్టుకున్నా ఇదే ప్రమాదం.

తర్వాత వార్నిషు పోయిన చోట మాత్రమే సన్నని కుంచెతో పూత. ముందు రంగులేని పూత ఒకటి వెయ్యాలి, లేకపోతే రంగు చెక్కలోకి ఇంకి మచ్చపడుతుంది. ఆరాక, పక్కనున్న పాతరంగుకు కలిసేలా పలచగా మళ్ళీ మళ్ళీ, రోజుకొకటి. నాలాంటివాడికి అది శిక్షే. పావలాబిళ్ళంత జాగాకు మూడు వారాలు! పాత వార్నిషు మీదికి కొత్తది పాకనివ్వలేదాయన. నాన్నగారి అరచెయ్యి ఆనిన చోటుకు రంగు వెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు. చెమట దిగకుండా రంగులేని పూత ఒకటి వేసి వదిలేశాం.

వెనకవైపు పాలియురెతేన్ నిదానంగా తీసి, పలచటి లక్క పూత వేశాడు. నాదం చాలావరకు తిరిగొచ్చిందన్నాడు. ఆ గీతలేమిటో అప్పుడు అడిగాను. "మీ నాన్నగారి చొక్కా గుండీలు" అన్నాడు. నలభై ఏళ్ళు రాసుకుని పడిన గీతలవి. రెండు మధ్యాహ్నాల్లో ఉప్పు కాగితంతో నేనే తుడిచేశాను.

పెట్టె తెచ్చాను. భోజనాల తర్వాత చూడదలచినవారు రండి. ముందువైపు ముట్టుకోకండి, చేతి చెమట తగులుతుంది. వెనకవైపు మీ ఇష్టం.

సెలవు.