క్యారేజీ మనది, క్యాంటీను వారిది



మా రాజమండ్రిలో పొద్దున్నే ఏ స్కూటరు చూసినా క్యారేజీ వేలాడుతూంటుంది. మూడు గిన్నెల్లో రెండు అన్నమే! డెల్టా వాళ్లం కదా, అన్నం తగ్గించమంటే అలుగుతాం. తాతగారు పొలంలో నడుం వంచి పనిచేసి తిన్నంత, మావారు కుర్చీలో కూర్చుని తింటారు.

ఆయన ఆఫీసులో ఏటా బరువు చూసి కాగితం ఇస్తారు. అలాంటివి మూడు బీరువాలో దొరికాయి నాకు, షుగరు వచ్చాక! "నువ్వు కంగారు పడతావని" అన్నారు. ఇప్పుడు పాల బిల్లుకన్నా మందుల బిల్లే ఎక్కువ.

బరువు తూచి ఊరుకుంటే సరా? నాలుగింటికి వచ్చే బజ్జీల పళ్లెం మాటేమిటి? 250 మందికి మించి పనిచేసేచోట క్యాంటీను ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. అక్కడ సెనగల గుగ్గిళ్లు, చక్కెర తక్కువ టీ పెడితే పోయేదేముంది? ఇ.ఎస్‌.ఐ. ఉన్నచోట 2019 జూలై నుంచి జీతంమీద ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడుతున్నారు. అంటే జబ్బు ఖర్చు ఇద్దరిదీనూ. ఏడాదికోసారి ఇల్లాళ్లనూ పిలిచి చెబితే బాగుండును. క్యారేజీ కట్టేది మనమే కదండీ!

నడుము చుట్టుకొలత మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదంటారు డాక్టర్లు. కుట్టుమిషను డ్రాయరులోని టేపు తీసి మావారిని కొలిచాను. 102! "ఏదీ, నీది చూడనీ" అన్నారు. 91. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

మర్నాటినుంచి అన్నం ఒక్క గిన్నే. మూడు రోజులు అలిగారు లెండి.