ముఖం లేని నాకా

(ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ ఆవరణ పక్కనే తార్నాక. ‘తార్’ అంటే ఉర్దూలో తీగ, ‘నాకా’ అంటే కాపలా చౌకీ. వెనకటి రోజుల్లో అక్కడొక తోటకు ముళ్లతీగ కంచె, దానికో చౌకీ ఉండేవనీ, ఆ పేరే నిలిచిపోయిందనీ పెద్దలు చెబుతారు. ఆ నాకా కంటికి కనిపించేది. ఆపినవాడెవరో తెలిసేది. ‘ఎందుకు ఆపావు?’ అని అడిగే వీలుండేది.

నేటి నాకాకు ముఖం లేదు. అది మన ముఖాన్నే తీసుకుంటుంది. తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో 2018 నుంచి ముఖాలను గుర్తించే సాంకేతికత ఉంది. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పాతబస్తీలో పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన నిరాకరించారు. అయినా ఫొటో తీసుకున్నారు. ఏ నేరానికి? ఏ చట్టం కింద? ఈ ప్రశ్నలతోనే ఆయన హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు జారీ అయ్యాయి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. అందులో రాజ్యం జోక్యం చేసుకోవాలంటే ముందు చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, జోక్యం ఆ ప్రయోజనాన్ని మించకూడదు. మనకున్న 2013 నాటి ప్రజా భద్రతా చట్టం జనం గుమిగూడే చోట్ల కెమెరాలు పెట్టమంటుంది. కెమెరా పెట్టడం వేరు, దారిన పోయే ప్రతి ముఖాన్నీ నేరస్థుల జాబితాతో పోల్చడం వేరు. కాలనీల్లోనైతే ‘నేను సైతం’ పేరిట జనం సొంత ఖర్చుతోనే కెమెరాలు పెట్టించారు. ఆ పేరు విని శ్రీశ్రీ ఏమనేవారో!

దాచుకునేది లేనివారికి భయమెందుకని కొందరంటారు. అర్ధరాత్రి కార్డన్ సెర్చ్‌లు పాతబస్తీ గల్లీల్లో చూశాం. జూబ్లీహిల్స్ బంగళాల్లో జరిగినట్టు వినలేదు. చూపు అందరిమీదా సమానంగా పడదు.

ఇది పోలీసులతో ఆగదు. మన నగరంలోనే, రిక్షా తొక్కి బతికిన మనిషికి కారుందని పేరు పోలికను బట్టి కంప్యూటర్ తేల్చింది. ఆయన భార్యకు రేషన్ ఆగిపోయింది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ముఖం పోల్చే యంత్రం పొరపడితే పోయేది బియ్యం కాదు, స్వేచ్ఛ.

అందుకే మా విన్నపం. మిమ్మల్ని ఆపి ఫొటో తీస్తే తేదీ, సమయం, స్థలం రాసిపెట్టుకోండి. ఏ చట్టం కిందో మర్యాదగానే అడగండి. సమాచార హక్కు దరఖాస్తు రాసిపెట్టడానికి న్యాయశాస్త్ర విద్యార్థులు సభ ముగిశాక ద్వారం పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. ఉర్దూలో రాసుకొచ్చినా తీసుకుంటారు.