ఒక్క స్టేషన్, రెండు ఊళ్లు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంస్థ సొంతంగా ఒక కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చా అని కొంతకాలంగా చాలామంది అడుగుతున్నారు. పెట్టుకోవచ్చు. అయితే ఎక్కడ పెట్టాలి, ఏ సొమ్ముతో నడపాలి అన్నవి ముందే తేల్చుకోవాలి. వచ్చే ఏడాది పనుల్లో దీన్ని చేర్చే ముందు ఆ రెండు మాటలూ మీ ముందుంచుతాను.

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో మనలాంటి స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం తలుపు తెరిచింది. రిజిస్టరై మూడేళ్లు నిండి, స్థానికంగా సేవ చేసిన సంస్థ దరఖాస్తు పెట్టుకోవచ్చు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008లో సంఘం రేడియో మొదలుపెట్టారు. పెద్ద చదువులు లేకపోయినా మైకు ముందు కూర్చుని తమ పంటల గురించి తమ యాసలోనే మాట్లాడారు. హర్యానాలో ముస్లింలు ఎక్కువగా ఉండే మేవాత్‌లో 2012లో అల్ఫాజ్-ఎ-మేవాత్ మొదలైంది.

ఇప్పుడు నియమాలు మనకు మరింత అనుకూలంగా మారాయి. 2023 మార్చిలో ట్రాయ్ సిఫార్సులు చేసింది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మార్గదర్శకాలను సవరించింది. మొదటి అనుమతి పదేళ్లకు ఇస్తారు. ప్రకటనల సమయం గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెరిగింది. కార్యక్రమాలను చూసే సలహా కమిటీలో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. మన కమిటీలు ఈ చివరి మాటను జాగ్రత్తగా వినాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. ఈ రేడియో వినిపించేది చుట్టూ పది, పదిహేను కిలోమీటర్లే. నంద్యాలలో టవర్ నిలబెడితే సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డకు అందదు. ఒక సంస్థ ఆరు స్టేషన్ల దాకా పెట్టుకోవచ్చు గానీ, అవి వేర్వేరు జిల్లాల్లో ఉండాలి. మన రెండు ఊళ్లూ నంద్యాల జిల్లాలోనివే. కాబట్టి మనకు వచ్చేది ఒక్కటే.

అది ఆళ్లగడ్డలో ఉండాలని నా మనవి. నంద్యాల దాతలు నొచ్చుకోవద్దు. కలెక్టరేట్, పెద్దాసుపత్రి, కాలేజీలు నంద్యాలవాళ్లకు ఆటో దూరంలో ఉన్నాయి. ఆళ్లగడ్డ పల్లెల్లోని తల్లి స్కాలర్‌షిప్ గడువు తెలుసుకోవాలన్నా, పింఛను ఎందుకు ఆగిందో అడగాలన్నా ఒక రోజు కూలి పోగొట్టుకుని బస్సెక్కాలి. ఆ మాట ముందే ఆమె ఇంట్లో వినబడితే ఆ కూలి మిగులుతుంది.

ఇది మన ఒక్కరి రేడియో కాదు. మతపరమైన కార్యక్రమాల్లో ఎవరి విశ్వాసాన్నీ నొప్పించకూడదని నియమం కూడా ఉంది. మనలో చాలామంది ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడతాం. దూదేకుల సోదరులకైతే ఇంటి భాష కూడా తెలుగే. రెండు భాషలూ ఉండాలి, తెలుగు ముందుండాలి. రాతి శిల్పుల పనితనం, కేసీ కాలువ కింది రైతు కష్టం, పరీక్షల తేదీలు, టీకాల రోజులు అందులో రావాలి. సొంతంగా వార్తలు చదవడానికి అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలను మాత్రం ఉన్నదున్నట్టు ప్రసారం చేయవచ్చు.

ఇక డబ్బు. జకాత్ సొమ్మును దీనికి ముట్టుకోవద్దని నా అభిప్రాయం. అది పేదల హక్కు, దాని లెక్క వేరు. రేడియోకు విడిగా విరాళం కావాలి. గది కట్టి, పరికరాలు కొని, ఫలకం మీద పేర్లు చెక్కిస్తే పని అయిపోదు. కరెంటు బిల్లు, రిపేర్లు, మైకు ముందు కూర్చునే పిల్లల జీతాలు ప్రతి నెలా ఉంటాయి. ఒక్కసారి లక్ష ఇచ్చే పదిమంది కంటే, నెలనెలా వెయ్యి ఇచ్చే వందమంది దీనికి ఎక్కువ అవసరం. మూడేళ్ల ఖర్చుకు మాట దొరికాకే దరఖాస్తు పెడదాం. మొదలుపెట్టి మూగబోయిన రేడియో కంటే, ఒక ఏడాది ఆగి పెట్టిన రేడియో మేలు.

నంద్యాల సోదరులారా, మీ ఇళ్లలో వినబడని రేడియోకు మీరు విరాళం ఇస్తారా? ఈ సభ తేల్చవలసింది అదే. అల్లాహ్ మన సంకల్పాన్ని స్వీకరించుగాక. ఆమీన్.