మదనపల్లె నుంచి మద్రాసు దాకా: పంతం వీడిన సంఘాల చరిత్ర
(డాక్టర్ జేకబ్ చాంబర్లిన్ స్మారకోపన్యాసం)



చాంబర్లిన్ దొరగారిని తలచుకున్నప్పుడల్లా ఆయన వైద్యం గురించో, తెలుగు బైబిలు సవరణలో ఆయన పడిన శ్రమ గురించో చెప్పుకుంటాం. చివరి రోజుల్లో ఆయన మనసంతా పెట్టిన పని మరొకటి ఉంది. అది సంఘాలను కలిపే పని. ఈరోజు దాని గురించే చెబుతాను.

1853లో హాలండు మూలాలున్న అమెరికా రిఫార్మ్డ్ సంఘం తరఫున స్కడర్ సోదరులు ఆర్కాట్ మిషన్ స్థాపించారు. చిత్తూరు దాని తొలి కేంద్రాల్లో ఒకటి. పదేళ్లకు, 1863లో, ఆ మిషన్ తరఫునే చాంబర్లిన్ మదనపల్లె చేరారు. 1865లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు పని మొదలుపెట్టి, తర్వాత కాళహస్తి, తిరుపతి దాకా వచ్చారు. కడపలో లండన్ మిషన్, నంద్యాలలో ఆంగ్లికన్లు. హాలండులో, జర్మనీలో, ఇంగ్లండులో ఎప్పుడో పుట్టిన భేదాలను మన పల్లెవాళ్లు బాప్తిస్మంతో పాటే అందుకున్నారు. పిల్లనిచ్చి పుచ్చుకునే చుట్టాలు బల్ల ఆరాధన దగ్గరికి వచ్చేసరికి వేరైపోయారు.

1863లోనే చాంబర్లిన్ నిజాం రాజ్యం మీదుగా గోదావరి అవతలి దాకా సువార్త యాత్ర చేశారు. ఒక ఊళ్లో జనం రాళ్లు పట్టుకుని చుట్టుముట్టారు. ఒక్క కథ చెబుతాను, విన్నాక కొట్టండి అని ఆయన అడిగారు. సిలువ కథ విని వాళ్లు రాళ్లు కింద పడేశారని ఆయనే తన పుస్తకంలో రాసుకున్నారు. అన్యులు ఒక్క పూటలో వదిలిన పంతాన్ని విశ్వాసులు వదలడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో చూడండి.

ఆర్కాట్ మిషన్ సంఘాలు, స్కాట్లాండు మిషన్ సంఘాలు కలిసి ఏర్పడిన దక్షిణ భారత సినడుకు 1902లో చాంబర్లిన్ తొలి మోడరేటరు. 1908 మార్చిలో ఆయన మదనపల్లెలో కన్నుమూశారు. కొన్ని నెలలకే ఆ సినడు, కాంగ్రిగేషనల్ సంఘాలు ఒకటై దక్షిణ భారత ఐక్య సంఘం అయింది. 1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ అజరయ్య మొదలైనవారు ఇంకా పెద్ద ఐక్యతకు పిలుపునిచ్చారు. ఆ చర్చలు 28 ఏళ్లు సాగాయి.

తగువు ఎక్కడ? బిషప్పులు ఉండాల్సిందేనని ఆంగ్లికన్లు. బిషప్పుల పెత్తనం వద్దని ఐక్య సంఘం వాళ్లు. మాకు జరిగిన గురు అభిషేకం చెల్లదంటే ఒప్పుకోమని మెథడిస్టులూ వాళ్లతో గొంతు కలిపారు. చివరికి అందరూ తగ్గారు. వద్దన్నవాళ్లు బిషప్పులను ఒప్పుకున్నారు. ఆంగ్లికన్లు మళ్లీ అభిషేకం కావాలన్న షరతు వదిలారు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి విరుద్ధమైన ఆరాధనా పద్ధతిని గానీ సేవకుణ్ణి గానీ రుద్దబోమని మాటిచ్చుకున్నారు. నా దృష్టిలో ఆ మాటే మొత్తం ఒప్పందానికి ప్రాణం. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో సుమారు పది లక్షల మంది విశ్వాసులు దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) పేరుతో ఒకే సంఘమయ్యారు. అజరయ్య అది చూడలేదు, 1945 జనవరి 1న వెళ్లిపోయారు. కలిసిన ఆంగ్లికన్లు తాము పుట్టిన ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబానికే కొన్నాళ్లు దూరమయ్యారు. తగ్గడమంటే ఏదో ఒకటి నిజంగా పోగొట్టుకోవడమేనని వాళ్లకు తెలుసు.

నంద్యాలలో చాలా మంది ఆంగ్లికన్లు ఆ రోజు కలవలేదు. నంద్యాల అధ్యక్ష మండలం సి.ఎస్.ఐ.లో చేరేసరికి 1975 వచ్చింది. వాళ్లను తప్పుబట్టను, తాతల ప్రార్థన పుస్తకం మీద మమకారం చిన్నది కాదు. లూథరన్లతో 1948లో మొదలైన చర్చలు దశాబ్దాలు నడిచినా ఐక్యత కుదరలేదు. తిరుపతి కేంద్రంగా దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం నేటికీ వేరుగానే ఉంది. అది సిద్ధాంతం మీద నిలబడటం. దాన్ని మొండితనం అనకూడదు.

రోగి మంచం దగ్గర మాత్రం మనవాళ్లు ఎంతో ముందే కలిశారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని 1915లో పలు మిషన్లు ఉమ్మడిగా నెలకొల్పాయి. డెన్మార్కు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపారు.

మరి ఇవాళ మన మధ్య ఉన్నది ఏమిటి? కమిటీ ఎన్నికలో ఓడినవాళ్లు గెలిచినవాళ్లతో మాట్లాడరు. మందిరం స్థలం మీద కోర్టుకెక్కుతారు. కోత పండుగ వేలంలో వచ్చిన మాట తేడాకు రెండు కుటుంబాలు ఏళ్ల తరబడి ఒక బెంచీ మీద కూర్చోవు. వీటిలో సిద్ధాంతం ఏముంది? ఫిలిప్పీ సంఘంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పడలేదు. ఇద్దరూ సువార్త పనిలో పౌలుతో పాటు పాటుపడినవాళ్లే. తప్పెవరిదో పౌలు రాయలేదు. ఇద్దరినీ పేరుపేరునా బతిమాలాడు, వాళ్లకు సాయపడమని మరొకరిని అడిగాడు. ఆ సాయపడే మనిషి మన సంఘాల్లో కరువయ్యాడు. పెద్దలు సాక్షులుగా మిగులుతున్నారు, మధ్యవర్తులు కావడం లేదు.

అందుకే పెద్దలకు నా మనవి. మీ సంఘంలో మాటల్లేని రెండు ఇళ్లు ఏవో మీకు తెలుసు. వచ్చే బల్ల ఆరాధనలోపు ఆ రెండు గడపలూ తొక్కండి. కోర్టులో సహోదరుడి మీద కేసు నడుపుతున్నవాళ్లు ఈ సభలో ఉంటే, వాయిదాకు ముందే ఒకసారి ఆ సహోదరుడి ఇంటికి వెళ్లిరండి. కానుక బలిపీఠం దగ్గర వదిలి ముందు సమాధానపడమన్నది ప్రభువు ఆజ్ఞ. దానికి ఏ సినడు తీర్మానమూ అక్కర్లేదు.