నీళ్లతో నడిచిన నా కారు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శి గారు "నీ విజయాల గురించి చెప్పప్పా" అన్నారు. అవి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను ఈ బడిలో నేర్చుకున్నది మరిచిపోయి చేసిన ఒక పని గురించి చెబుతాను.

తొమ్మిదో తరగతిలో మన సైన్సు సారు గాజు గిన్నెలో నీళ్లు పోసి, రెండు చుక్కల ఆమ్లం కలిపి, పాత టార్చి సెల్లుల్లోంచి తీసిన కార్బన్ కడ్డీలు ముంచినారు. పరీక్షనాళికలో చేరిన వాయువుకు అగ్గిపుల్ల చూపిస్తే "టప్" మంది. ఆ టప్ శబ్దం నన్ను ఇంజనీరింగు దాకా లాక్కుపోయింది.

2008లో ముడి చమురు బారెల్ 147 డాలర్లకు పోయింది. ఆ జూన్‌లోనే మనకు పెట్రోలు లీటరుకు 5 రూపాయలు పెరిగింది. నా దగ్గర కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 ఉండేది. ఏడు స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు, మధ్యన రబ్బరు గాస్కెట్లు, కాస్టిక్ పొటాష్ కలిపిన నీళ్లు. బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తే వచ్చే హైడ్రోజన్, ఆక్సిజన్ మిశ్రమాన్ని నీళ్ల సీసాలోంచి పంపి, ఎయిర్ ఫిల్టర్‌లోకి గొట్టం పెట్టాను. హిందూపురం నుంచి సోమందేపల్లి, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయివచ్చాను. లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే బండి 17 ఇచ్చింది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ధర్మవరంలో మన క్లాసువాడే మెకానిక్. పేరు చెప్పొద్దన్నాడు, ఇప్పుడు వెనక వరుసలో నవ్వుతున్నాడు. నా మాట విని, పట్టుచీరలు తోలే మూడు వ్యాన్లకు అలాంటివే బిగించాడు. వాళ్లు అడిగితే "మా ఇంజనీరు చెప్పినాడు" అన్నాడట. అది చాలింది వాళ్లకు.

రెండు నెలలకు ఫోను. ఒక బండి ఇంజను వెనక్కి దగ్గింది, నీళ్ల సీసా పేలింది. కాస్టిక్ నీళ్లు మనవాడి ముఖం మీద పడ్డాయి. పక్కనున్న కుర్రవాడు బకెట్టుతో నీళ్లు కొడుతూనే ఉన్నాడు కాబట్టి కన్ను దక్కింది. నేను పోయేసరికి ఒక కనుబొమ్మ లేదు, ఎడమ చెవి సరిగా వినబడడం లేదు. "ఏం రా, నువ్వు చెప్పినావని కదా పెట్టినా" అన్నాడు. అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగుదారిలో హిందూపురంలో సారు ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయన రిటైరయినారు. అంతా విని ఒక్కటే అడిగినారు: "ఆ రోజు ఒకేసారి ఎన్ని మార్చినావప్పా?"

లెక్కపెట్టాను. అదే రోజు ప్లగ్గులు మార్చాను. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేశాను. కార్బురేటర్ శుభ్రం చేశాను. పైగా కళ్లు మైలేజీ మీద పెట్టి, ఎప్పుడూ లేనంత మెల్లగా నడిపాను. ఒకసారికి ఒకటే మార్చాలన్నది ఈ బడి ల్యాబులో మా చెవులు మెలిపెట్టి నేర్పిన సంగతి.

అప్పుడు సరిగ్గా పరీక్షించాను. నాకు గట్టి సీసా, దూరం నుంచి స్విచ్చి పెట్టి, ఆ స్విచ్చి వెనక సీటు కింద దాచాను. ఏ రోజు వేశాడో, ఏ రోజు ఆపాడో మా బావమరిదికే తెలుసు, నాకు చెప్పడు. హిందూపురం నుంచి ధర్మవరం ఎనిమిది సార్లు పోయివచ్చాం. ఒకే బంకు, బండి ఒకేచోట నిలిపి, ట్యాంకు మెడ దాకా పెట్రోలు. ఆపిన రోజుల్లో సగటు 15.4, నడిచిన రోజుల్లో 15.2.

లెక్క ముందే వేసి ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదు. నా పెట్టె 15 ఆంపియర్లు, అంటే సుమారు 210 వాట్లు తాగేది. ఆల్టర్నేటర్ అంత ఇవ్వాలంటే ఇంజను నుంచి 350 వాట్ల దాకా లాగుతుంది. ఫారడే లెక్క ప్రకారం నాకు వచ్చే హైడ్రోజన్ గంటకు 38 లీటర్లు. వినడానికి పెద్దగా ఉంటుంది గానీ దానిలో శక్తి 110 వాట్లే. ఇంజను దానిలో పావు వంతే పనిగా మారుస్తుంది. 350 ఇచ్చి 30 కూడా తిరిగి తీసుకోని వ్యాపారం! అదే సమయంలో ఆ కారు తాగే పెట్రోలులో 35,000 వాట్లున్నాయి. హైడ్రోజన్ తోడుంటే పెట్రోలు బాగా కాలుతుంది కదా అంటారు. ఇంజను బాగుంటే పెట్రోలు దాదాపు అంతా ఎలాగూ కాలుతుంది. మనం పోగొట్టుకునేది రేడియేటర్‌లోంచి, సైలెన్సర్‌లోంచి పోయే వేడి.

ప్రమాదం మాత్రం నిజం. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంతున్నా అంటుకుంటుంది. నా పెట్టెలో దానికి కావలసిన ఆక్సిజన్ కూడా సరిగ్గా కలిసే వస్తుంది. సారు చూపించిన "టప్" పరీక్షనాళికది. నేను దాన్ని సీసాడు చేసి మిత్రుడి ముఖం ముందు పెట్టించాను.

మూడు వ్యాన్లవీ ఇద్దరం కలిసి విప్పేశాం. ఓనర్లకు డబ్బు నేనే తిరిగి ఇచ్చాను. ఒకాయన మాత్రం "తీయొద్దు సార్, నాకు మైలేజీ వస్తోంది" అని గొడవపడ్డాడు! ఆయనకు నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది.

హైడ్రోజన్ మీద నాకు కోపం లేదు. 2023 జనవరిలో కేంద్రం జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030కల్లా ఏడాదికి 50 లక్షల టన్నులు తయారు చేయాలని లక్ష్యం. అక్కడ నీళ్లను విడగొట్టేది ఎండ, గాలి ఇచ్చే కరెంటు, కారులో పెట్రోలు కాల్చి తీసిన కరెంటు కాదు. ఎండకు మన జిల్లాలో కొదవ లేదు, ఎన్.పి. కుంటలో సోలార్ పలకలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పెనుకొండ పక్కన కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మన పిల్లలకు కార్ల మీద ఆసక్తి పెరిగింది. గత ఏడాది ఇద్దరు కుర్రవాళ్లు అచ్చం నా పెట్టెలాంటి బొమ్మ గీసుకుని నా దగ్గరికి వచ్చారు. అందుకే ఈ సంగతి ఇక్కడ చెప్పాలనిపించింది.

నా ఏడు పలకలనూ ఈ రోజు ఉదయం బడి ల్యాబుకు ఇచ్చాను. పక్కన ఎనిమిది ప్రయాణాల లెక్కల నోటుబుక్కు కూడా పెట్టాను. మెకానిక్ మిత్రుడు పేలిన సీసా మూత తెచ్చాడు. అది కూడా అక్కడే ఉంది. భోజనాలయ్యాక చూడండి.